మనసులోనే అరవండి

2020 జూన్‌లో జపాన్ నుంచి ఒక వీడియో వచ్చింది. ఫుజి పర్వతం దగ్గర ఫుజి-క్యూ హైలాండ్ అని ఒక అమ్యూజ్‌మెంట్ పార్క్ ఉంది. అందులో ఫుజియామా అనే రోలర్ కోస్టర్. ఎత్తు 79 మీటర్లు, వేగం గంటకు 130 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. ఆ కోస్టర్‌లో కంపెనీ పెద్దలు ఇద్దరు సూట్లు వేసుకుని, మాస్కులు పెట్టుకుని, ఏదో బోర్డ్ మీటింగ్‌లో ఉన్నట్టు కూర్చున్నారు. కోస్టర్ పైకి ఎక్కింది, పడిపోయింది, మెలికలు తిరిగింది. వాళ్ళ నోట్లోంచి ఒక్క కేక కూడా రాలేదు. చివర్లో స్క్రీన్ మీద ఒక విన్నపం: దయచేసి మనసులోనే అరవండి.

లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని విసిగిపోయిన ప్రపంచం ఆ వీడియో చూసి పగలబడి నవ్వింది. తర్వాత అదే పార్క్ వాళ్ళు, రైడ్ ఫోటోలో మొహం సీరియస్‌గా పెట్టిన వాళ్ళకి పోటీ కూడా పెట్టారు. కానీ ఇది వాళ్ళ సొంత తెలివి మాత్రమే కాదు. ఆ ఏడాది మే నెలలో జపాన్ థీమ్ పార్కుల సంఘాలు తిరిగి తెరవడానికి ఉమ్మడిగా నియమాలు రాసుకున్నాయి. మాస్క్ పెట్టుకోండి, గట్టిగా అరవకండి అని అందులో ఉంది. 2021లో కాలిఫోర్నియా పార్కుల సంఘం కూడా తన ప్రణాళికలో అరుపుల గురించి రాసింది. నవ్వు పక్కన పెడితే నాకొచ్చిన డౌట్ ఒకటే. ఒక మహమ్మారి టైమ్‌లో అమ్యూజ్‌మెంట్ పార్క్‌కి వెళ్తే, అసలు ప్రమాదం ఎక్కడుంటుంది? అరుపులోనా, సీటు పట్టుకునే రాడ్ మీదా, ఇంకెక్కడైనానా?

నేను సీఎస్ఈ వాణ్ణి, డాక్టర్‌ని కాదు. ఇంగ్లీష్ మీడియంలో చదివాను కాబట్టి తెలుగులో సైన్స్ రాయడం ఇదే మొదటిసారి, ఎక్కడైనా మాట తడబడితే ఎడిటర్ అక్క సరిచేస్తుందని నమ్మకం. కానీ ఈ ప్రశ్నకి జవాబు వెతుకుతూ పోతే, సగం దారిలో మన సిలబస్సే ఎదురొచ్చింది. అందుకే రాస్తున్నా.

ముందు అరుపు సంగతి. మనం మాట్లాడినప్పుడు నోట్లోంచి కంటికి కనపడని తుంపరలు వస్తాయి. గొంతు పెంచే కొద్దీ వాటి సంఖ్య పెరుగుతుంది. పెద్దవి కొద్ది దూరంలోనే కింద పడతాయి, బాగా చిన్నవి అగరొత్తి పొగలాగా గాల్లో తేలుతూ ఉంటాయి. కరోనా విషయంలో ఇది ఎంత పెద్ద సంగతో మొదట తెలిసింది అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక కోరస్ బృందం వల్ల. 2020 మార్చి 10న 61 మంది ఒక హాల్లో రెండున్నర గంటలు పాటల ప్రాక్టీస్ చేశారు. అందులో 53 మంది జబ్బు పడ్డారు, ఇద్దరు చనిపోయారు. ఎవరూ ఎవరినీ కౌగిలించుకోలేదు, హాల్లోకి వచ్చేటప్పుడు శానిటైజర్ కూడా ఉంది. మూసిన గది, ఎక్కువసేపు, గట్టిగా గొంతెత్తి పాడటం, ఈ మూడూ కలిసి అంత పని చేశాయి.

అంటే జపాన్ వాళ్ళు అరవొద్దు అనడం వెర్రి కాదు. కానీ ఆ మూడింటిలో కోస్టర్‌లో ఎన్ని ఉన్నాయో చూడండి. అరుపు ఉంది. మూసిన గది లేదు, ఆకాశం కింద గంటకి వంద కిలోమీటర్ల గాలి మొహాన కొడుతుంటుంది. ఎక్కువసేపు అసలే లేదు, చాలా రైడ్లు మూడు నిమిషాలు దాటవు. వెనక వరస వాడికి మన తుంపర తగలదు అని నేను అనను, కానీ పార్క్‌లో గడిపే రోజు మొత్తంలో దాని వాటా చాలా చిన్నది.

రెండోది రాడ్ పట్టుకోవడం. 2020 అంతా మనం సంచులు, పాల ప్యాకెట్లు, కూరగాయలు, చివరికి కరెన్సీ నోట్లు కూడా కడిగాం. పార్కులు కూడా సీట్లు తుడుస్తూనే ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో అమెరికా సీడీసీ లెక్క చెప్పింది: వైరస్ ఉన్న వస్తువుని ఒకసారి ముట్టుకుంటే అంటుకునే అవకాశం సాధారణంగా పది వేలలో ఒకటి కన్నా తక్కువ. చేతులు కడుక్కోవడం మంచి అలవాటే, అది మానమని కాదు. కానీ ప్రతి ట్రిప్ మధ్యలో ఒక నిమిషం సీట్లు తుడవడం వల్ల పార్క్‌కి ఒక విచిత్రమైన నష్టం జరిగింది. అది చెప్పాలంటే క్యూ గురించి చెప్పాలి.

పార్క్‌లో ఎనిమిది గంటలు ఉంటే రైడ్ మీద ఎంతసేపు ఉంటాం? సెలవు రోజైతే పది రైడ్లు ఎక్కడమే గొప్ప. పది మూళ్ళు ముప్పై నిమిషాలు. మిగిలిన ఏడున్నర గంటలు నడవడం, తినడం, అన్నిటికన్నా ఎక్కువగా నిలబడటం. ఇనుప గొట్టాల మధ్య పాములా మెలికలు తిరిగే లైన్‌లో, రేకుల షెడ్డు కింద, ముందు వాడి బ్యాగ్ మన పొట్టకి తగులుతూ, పక్క వరసలో వెళ్ళే వాడి మొహం ప్రతి మలుపులో మన మొహానికి ఎదురుగా వస్తూ. తిరుమలలో కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్న వాళ్ళకి ఈ అనుభవం వేరే వివరించక్కర్లేదు. అమ్యూజ్‌మెంట్ పార్క్ అంటే మనం రైడ్లు ఉన్న చోటు అనుకుంటాం గానీ, వైరస్ వైపు నుంచి చూస్తే అది క్యూలు ఉన్న చోటు.

ఇక్కడే మన సిలబస్ వస్తుంది. ఎంఐటీ ప్రొఫెసర్ జాన్ లిటిల్ 1961లో ఒక సూత్రం నిరూపించాడు. లిటిల్స్ లా అంటారు. క్యూలో ఉన్న మనుషుల సంఖ్య ఎంతంటే, నిమిషానికి లోపలికి వెళ్ళే వాళ్ళని, ఒక్కొక్కరు సగటున వేచి ఉండే నిమిషాలతో గుణిస్తే వచ్చేది. అంతే. సర్వర్‌కి వచ్చే రిక్వెస్టులకైనా, టిఫిన్ సెంటర్ ముందు లైన్‌కైనా, కోస్టర్‌కైనా అదే లెక్క.

నేనొక ఊహా కోస్టర్ తీసుకుని లెక్క వేశా. ట్రెయిన్‌కి 24 సీట్లు, రెండు నిమిషాలకి ఒక ట్రెయిన్. నిమిషానికి 12 మంది, గంటకి 720. క్యూ దారి పొడవు 120 మీటర్లు. మామూలు రోజుల్లో మీటర్‌కి ఇద్దరు నిలబడతారు అనుకుంటే లైన్ నిండా 240 మంది. 240ని 12తో భాగిస్తే చివరి వాడు 20 నిమిషాలు ఆగాలి. బాగానే ఉంది.

ఇప్పుడు మహమ్మారి వచ్చింది. వరస విడిచి వరస కూర్చోబెట్టాలి, కాబట్టి 12 సీట్లే. తుడవడానికి ఒక నిమిషం అదనం, కాబట్టి మూడు నిమిషాలకి ఒక ట్రెయిన్. నిమిషానికి 4 మంది, గంటకి 240. సగం అనుకున్నది మూడో వంతు అయింది. తుడిచే ఆ ఒక్క నిమిషం ఎంత తిన్నదో చూశారా? ఇక లైన్‌లో కుటుంబానికీ కుటుంబానికీ మధ్య రెండు మీటర్లు. ముగ్గురు ఉన్న కుటుంబం ఒక మీటర్‌లో నిలబడుతుంది అనుకుంటే, ఒక్కో కుటుంబానికి మూడు మీటర్లు. 120 మీటర్లలో 40 కుటుంబాలు, 120 మంది. భాగించండి: 30 నిమిషాలు. మనుషులు సగం అయ్యారు, వేచి ఉండటం ఒకటిన్నర రెట్లు అయింది.

పాత లెక్కలోలాగే 240 మంది వస్తే? లైన్ 240 మీటర్లు అవుతుంది, కట్టిన దారి దాటి బయట నడిచే తోవలోకి వస్తుంది, ఐస్‌క్రీమ్ బండి దాకా. వేచి ఉండటం గంట. దూరం పాటించాలని మొదలుపెట్టిన పని, ఇంకో చోట గుంపుని తయారు చేస్తుంది. కాబట్టి రైడ్ దగ్గర ఎన్ని స్టిక్కర్లు అంటించినా లాభం లేదు, మెయిన్ గేట్ దగ్గరే మూడో వంతు మందిని రానివ్వాలి. ఆ ఒక్క పని చేసిన పార్క్‌లో మిగతా నియమాలు పని చేస్తాయి. అది చెయ్యని పార్క్‌లో నుదుటికి పెట్టే టెంపరేచర్ గన్ అలంకారమే. జ్వరం రాకముందే అంటించగల జబ్బు కదా ఇది.

ఈ లెక్క ముందుగా ఎదుర్కొన్న వాటిలో ఒకటి షాంఘై డిస్నీల్యాండ్. 2020 జనవరి 25న మూసేశారు, మే 11న తెరిచారు. మామూలుగా రోజుకి 80 వేల మంది పట్టే పార్క్. ప్రభుత్వం 30 శాతం, అంటే 24 వేలు దాటొద్దంది. కంపెనీ అంతకన్నా బాగా తక్కువతోనే మొదలుపెడతాం అంది. టిక్కెట్లు నిమిషాల్లో అయిపోయాయి. ముందే తేదీ బుక్ చేసుకోవాలి, మాస్క్ ఉండాలి, హెల్త్ కోడ్ చూపించాలి. మిగతా ప్రపంచంలో చాలా పార్కులు తాళాలు వేసుకుని ఉన్నప్పుడు అక్కడ ఏం జరుగుతుందా అని అందరూ అటే చూశారు.

అమెరికాలో ఇంకా విచిత్రం. ఒకే కంపెనీ, దాదాపు ఒకే రకం రైడ్లు, రెండు రాష్ట్రాలు. ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ 2020 జులై 11న తెరుచుకుంది, అదీ ఆ రాష్ట్రంలో కేసులు జోరుగా పెరుగుతున్న టైమ్‌లో. కాలిఫోర్నియా ప్రభుత్వం మాత్రం చుట్టుపక్కల జిల్లాలో వ్యాప్తి బాగా తగ్గేదాకా పెద్ద పార్కులు తెరవకూడదంది. డిస్నీల్యాండ్ 2020 మార్చి 14న మూసి 2021 ఏప్రిల్ 30న తెరిచారు. 412 రోజులు. మధ్యలో 2021 జనవరిలో దాని పార్కింగ్ స్థలాన్నే పెద్ద టీకా కేంద్రం చేశారు. పక్కనే నాట్స్ బెర్రీ ఫామ్ అనే పార్క్ అయితే రైడ్లు ఆపేసి, కేవలం తిండి అమ్మడానికి గేట్లు తీసింది. జనం పార్క్‌లోకి వెళ్ళి తినేసి వచ్చేవాళ్ళు.

ఫ్లోరిడా వాళ్ళు పెరేడ్లు, బాణసంచా ఆపేశారు, ఎందుకంటే అవి జనాన్ని ఒకే చోటికి లాగుతాయి. నడుస్తూ తినడం నిషేధించారు. చేతిలో పాప్‌కార్న్ ఉంటే మాస్క్ కిందికి దించి రోజంతా తిరిగే వాళ్ళు ఎక్కువయ్యారు మరి. రైడ్‌లో మాస్క్ తీస్తే ఫోటో ఇవ్వం అన్నారు. ఇందులో ఒక కామెడీ: ఆ డిసెంబర్‌లో కొన్ని రైడ్ ఫోటోల్లో మాస్క్ లేని మొహాల మీద కంప్యూటర్‌తో మాస్క్ అతికించి ఇచ్చారు, జనం కనిపెట్టాక మానేశారు. ఆ కోడ్ రాసిన వాడు ఎవరో గానీ, వైవాలో ఏమని చెప్పుకుంటాడో.

మరి ఫ్లోరిడాలో ఏమైంది? 2020 అక్టోబర్ నాటికి డిస్నీ వరల్డ్ నుంచి పెద్ద వ్యాప్తి జరిగినట్టు ఎక్కడా బయటపడలేదని అక్కడి పత్రికలు రాశాయి. గేట్ దగ్గర సంఖ్య తగ్గించడం, మాస్క్, ఎక్కువ భాగం ఆరుబయట ఉండటం పని చేశాయి అనిపిస్తుంది. కానీ ఈ మాటని పూర్తిగా నమ్మడానికి నాకొక అడ్డం ఉంది. పార్క్‌లో అంటుకున్న జబ్బు పార్క్‌లో కనపడదు. వచ్చిన వాళ్ళు నాలుగు రోజులకి తమ తమ ఊళ్ళలో దగ్గుతారు. అక్కడి డాక్టర్ ఎక్కడికి వెళ్ళొచ్చారు అని అడిగితే, వాళ్ళు విమానం, హోటల్, బంధువుల ఇల్లు, పార్క్ నాలుగూ చెప్తారు. ఎక్కడ అంటిందో తేల్చడం ఎలా?

తేలిన సందర్భం ఒకటి ఉంది, కరోనాకి ముందు. 2014 డిసెంబర్‌లో కాలిఫోర్నియా డిస్నీ పార్కులకి తట్టు జబ్బు ఉన్న వాళ్ళు ఎవరో వచ్చారు. ఎవరో ఎప్పటికీ తెలియలేదు. తట్టు కరోనా కన్నా చాలా వేగంగా పాకుతుంది, జబ్బు మనిషి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాల్లో ఉండగలదు. ఫిబ్రవరి మొదటికల్లా అమెరికాలో 125 కేసులు లెక్క తేలాయి, అందులో 110 కాలిఫోర్నియా వాళ్ళవే. అన్ని కేసులూ పార్క్‌కి వెళ్ళిన వాళ్ళవి కాదు. కాలిఫోర్నియా వాళ్ళలో 39 మంది పార్క్‌కి వెళ్ళారు, మిగతా వాళ్ళలో కొంతమంది వాళ్ళ ఇంట్లో వాళ్ళు, వాళ్ళకి దగ్గరగా మసిలిన వాళ్ళు. కాలిఫోర్నియా కేసుల్లో 49 మంది టీకా వేయించుకోని వాళ్ళు. తర్వాత ఏడాదిలోపే ఆ రాష్ట్రం, నమ్మకాల పేరుతో బడి పిల్లలకి టీకా తప్పించే వీలుని చట్టం చేసి తీసేసింది. తట్టు ఒంటి మీద దద్దుర్లుగా కనిపిస్తుంది, అరుదైన జబ్బు, అందుకే దారి పట్టుకోగలిగారు. కరోనా అలా కాదు, సగం మందికి జలుబులా వచ్చి పోయేది.

దారి పట్టుకోవాల్సిందే అని పట్టుబడితే ఎలా ఉంటుందో షాంఘై చూపించింది. 2021 అక్టోబర్ 31, హాలోవీన్ సాయంత్రం. ముందు రోజు వచ్చి వెళ్ళిన ఒక మనిషికి వేరే ఊళ్ళో పాజిటివ్ వచ్చింది. గేట్లు మూసేశారు. లోపల ఉన్న దాదాపు 34 వేల మంది టెస్ట్ చేయించుకుంటే గానీ బయటికి వెళ్ళకూడదు. తెల్లటి పీపీఈ సూట్లలో వైద్య సిబ్బంది శాంపిల్ తీస్తుంటే, వెనకాల కోట మీద రోజూలాగే బాణసంచా కాలుతోంది. ఆ ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి, చూడండి. 220 బస్సులు పెట్టి అందరినీ ఇళ్ళకి చేర్చారు. అందరికీ నెగెటివే. ఏడాది తిరిగేసరికి, 2022 అక్టోబర్ 31నే, మళ్ళీ అదే పార్క్‌లో గేట్లు మూశారు, లోపల ఉన్న వాళ్ళు నెగెటివ్ వచ్చేదాకా లోపలే.

మన దగ్గరికొస్తే, కేంద్రం 2020 అక్టోబర్ 15 నుంచి ఎంటర్‌టైన్‌మెంట్ పార్కులు తెరవొచ్చంది. దానికి వారం ముందు ఆరోగ్య శాఖ నియమావళి వచ్చింది. క్యూలో ఆరడుగుల దూరం, ఏసీ 24 నుంచి 30 డిగ్రీల మధ్య, బయటి గాలి వీలైనంత లోపలికి రావాలి, నీటి రైడ్లకి ఫిల్టర్, క్లోరిన్ సరిగ్గా ఉండాలి. కాగితం మీద మంచి నియమాలే, గాలి గురించి అంత ముందుగా రాయడం నిజంగా మెచ్చుకోవాలి. పార్కులకి మాత్రం దెబ్బ మామూలుగా తగల్లేదు. హైదరాబాద్ రావిర్యాలలో పార్క్ ఉన్న వండర్‌లా కంపెనీకి 2019–20లో దాదాపు 270 కోట్ల ఆదాయం ఉంటే, తర్వాతి ఏడాది 40 కోట్ల లోపుకి పడిపోయింది. పెద్ద పార్క్‌కి వెళ్ళలేని వాళ్ళకి జెయింట్ వీల్ అంటే నాంపల్లి ఎగ్జిబిషనే. నుమాయిష్ 2021లో అసలు జరగలేదు. 2022లో జనవరి 1న మొదలుపెట్టి మర్నాడే ఆపేశారు, మళ్ళీ ఫిబ్రవరి చివర్లో తెరిచారు. ఊరూరా తిరిగి జెయింట్ వీల్ బిగించుకునే వాళ్ళకి ఆ రెండు సీజన్లు ఎలా గడిచాయో ఏ కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లోనూ ఉండదు.

2021 మొదట్లో నేను తొమ్మిదో క్లాస్. సిటీ శివార్లలో ఒక పార్క్ తెరిచారని తెలిసి మా బాబాయి పిల్లలు, నేను ఇంట్లో గొడవ మొదలుపెట్టాం. ఇంట్లో నానమ్మ ఉంది. సుగర్, ఆయాసం రెండూ ఉన్నాయి. అప్పటికి ఆ వయసు వాళ్ళకి టీకాలు ఇంకా మొదలవ్వలేదు. మా నాన్న వద్దన్నారు. బాబాయి పిల్లలు పది నెలలుగా స్క్రీన్ తప్ప ఏమీ చూడలేదన్నాడు. రెండూ నిజమే కదా. ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు. చివరికి నానమ్మే తేల్చింది: "పొండిరా, కానీ వచ్చాక వారం నా గదిలోకి రావొద్దు. పైన వాటాలో పడుకోండి."

మంగళవారం వెళ్ళాం. మా పిన్ని పులిహోర, పెరుగన్నం క్యారియర్‌లో కట్టింది, చెట్టు కింద తిన్నాం. మూసిన థియేటర్లో కుర్చీలు ఊగే సినిమా షో ఒకటి ఉంటే బాబాయి వద్దన్నాడు, మిగతావన్నీ ఎక్కాం. ఆ వారం రోజులూ నానమ్మ కింద వరండాలో, మేం పైన రెయిలింగ్ దగ్గర నిలబడి మాట్లాడుకున్నాం. అరిచి మాట్లాడాల్సి వచ్చేది, ఆవిడకి చెవుడు. ఎవరికీ ఏమీ కాలేదు. అది మా జాగ్రత్త వల్లో, అదృష్టం వల్లో చెప్పలేను. ఒక్క ఇంటి అనుభవంతో ఏదీ రుజువవదని ప్రాబబిలిటీ సార్ మొదటి క్లాస్‌లోనే చెప్పారు.

ఆ రోజు నాకు బాగా గుర్తున్నది రైడ్లు కాదు, మా వీధి అన్న ఒకతను. అతను ఆ పార్క్‌లో ఆపరేటర్. లాక్‌డౌన్‌లో మొదట సగం జీతం ఇచ్చారట, తర్వాత అదీ ఆగిపోతే కిరాణా డెలివరీ బండి నడిపాడు. పార్క్ తెరిచాక మళ్ళీ పిలిచారు. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ప్రతి ఒక్కరి ముందూ వంగి సేఫ్టీ బార్ లాగి చూడాలి. ఆ బార్ చూడటం ఆరడుగుల దూరం నుంచి అవదు. సగం మంది అప్పటికే మాస్క్ గడ్డం కిందికి దించేసి ఉంటారు, అరవడానికి రెడీగా.

పైన వేసిన లెక్క మళ్ళీ తీయండి. గంటకి 240 మంది, షిఫ్ట్‌లో ఏడు గంటలు. 1,680 మొహాలు, ఒక్కో దానికి ఒక మూర దూరంలో, ఒకే రోజు. నేను ఏడాదికి ఒక్కసారి వెళ్ళేవాణ్ణి, నాకు పార్క్ ఎంత సురక్షితం అనే ప్రశ్నకి ఒక జవాబు. వారానికి ఆరు రోజులు అక్కడ నిలబడే వాడికి ఆ జవాబు వేరు. పార్కుల నియమావళుల్లో సందర్శకుడి గురించి పేజీలకి పేజీలు ఉంటాయి. ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ స్టేజ్ కళాకారుల యూనియన్ ఈ పాయింటే పట్టుకుంది. మాస్క్ పెట్టుకుని నటించలేం, మాకు టెస్టులు చేయండి అంది. ఆగస్టులో పార్క్ దగ్గరే టెస్టింగ్ కేంద్రం వచ్చాకే వాళ్ళు పనిలోకి వెళ్ళారు. సెప్టెంబర్ చివర్లో అదే కంపెనీ అమెరికాలో 28 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది, అందులో మూడింట రెండు వంతులు పార్ట్‌టైమ్ వాళ్ళు. తెరిస్తే జబ్బు భయం, మూస్తే జీతం పోవడం. మా వీధి అన్నని ఏది మేలు అని అడిగితే, "తెరవాలి తమ్ముడూ, కానీ బార్ నువ్వే లాక్కుని చూపించొచ్చు కదా" అన్నాడు. అదే నిజంగా మంచి డిజైన్ అని ఇప్పటికీ అనిపిస్తుంది. రైడర్ లాక్కోవాలి, ఆపరేటర్ పక్క నుంచి ఒక్కసారి తోసి చూడాలి, ఎదురుగా వంగక్కర్లేదు.

మాస్కులు, స్టిక్కర్లు పోయాయి. కొన్ని మాత్రం ఉండిపోయాయి, అవి ఏవో చూస్తే తమాషాగా ఉంటుంది. డిస్నీకి 1999 నుంచి ఫాస్ట్‌పాస్ అని ఉండేది. టైమ్ స్లాట్ తీసుకుని ఆ టైమ్‌కి వస్తే చాలు, మన తిరుమల టోకెన్ లాంటిదే. దానికి అదనంగా డబ్బులు తీసుకునేవాళ్ళు కాదు. 2020లో తెరిచినప్పుడు ఆ లైన్ల స్థలం కూడా దూరం పాటించడానికి కావాలని దాన్ని ఆపేశారు. మంచిదే. కానీ అది తిరిగి రాలేదు. 2021 అక్టోబర్‌లో దాని స్థానంలో డబ్బులు కట్టి క్యూ తప్పించుకునే పద్ధతి వచ్చింది. టోక్యో డిస్నీలో కూడా 2022లో డబ్బులు కట్టే పద్ధతి వచ్చింది. గుంపుని తగ్గించడానికి ఉన్న మంచి పనిముట్టు, అంటే మనిషిని లైన్‌లో నిలబెట్టకుండా టైమ్ ఇచ్చి పంపడం, మహమ్మారికి ముందు అందరికీ ఉచితం, తర్వాత అమ్మకపు వస్తువు. దూరం కావాలంటే డబ్బు కట్టాలి అన్నమాట. ఇంకో మహమ్మారి వస్తే ఈ బేరం ఎలా మారుతుందో చూడాలి.

ఈ వేసవికి మన బ్యాచ్ ట్రిప్ ఓటింగ్‌లో వాటర్ పార్క్ గెలిచేలా ఉంది. ప్రతి సీజన్‌లో ఫ్లూ ఉంటుంది, హాస్టల్‌లో ఒకడికి వస్తే ఫ్లోర్ మొత్తానికి వస్తుంది, ఇంటికి వెళ్తే అక్కడ ఎవరో ఒక నానమ్మ ఉంటుంది. కాబట్టి ట్రిప్ కోఆర్డినేటర్‌కి నా రిక్వెస్ట్: ఆదివారం వద్దు, మంగళవారం లేదా బుధవారం పెట్టు. బస్సు కిటికీలు తెరుచుకునే నాన్ ఏసీదే మాట్లాడు, పార్క్‌లోని ఏ లైన్ కన్నా ఆ నాలుగు గంటల మూసిన బస్సే ఎక్కువ ప్రమాదం. లంచ్ ఒంటిగంటకి కాకుండా పన్నెండింటికి పెట్టు, ఫుడ్ కోర్ట్ ఖాళీగా ఉంటుంది. కోస్టర్ మీద మాత్రం ఎవడి గొంతు వాడిష్టం.